ఒంటి ట్యాంకు జాకెట్‌కు జంట ట్యాంకులు: నమ్మకూడని సలహాలు

స్కూబా డైవింగ్ ఒంటబట్టిన వాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు జంట ట్యాంకుల మీదికి మనసు పోతుంది. దానికి కారణం లెక్కలోనే ఉంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి నీటి పైభాగంలో ఉన్నదానికి 4 రెట్లు. పైన నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషి అక్కడ 80 లీటర్లు పీలుస్తాడు. అండమాన్‌లోనైనా, కర్ణాటక తీరంలోని నేత్రాణిలోనైనా డైవ్ సెంటర్ల వాళ్లు మామూలుగా ఇచ్చేది 11.1 లీటర్ల అల్యూమినియం ట్యాంకు. 207 బార్లకు నిండుగా నింపితే అందులో పట్టేది దాదాపు 2,200 లీటర్లు. అంటే ఆ లోతున 27 నిమిషాలు. పైకి రావడానికి, ఆపదకు అని దాచుకోవాల్సిన గాలి తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ. పైగా ట్యాంకు ఒకటే, వాల్వు ఒకటే. అది మొరాయిస్తే తోడు వచ్చిన డైవరే దిక్కు. రెండు ట్యాంకులుంటే గాలి రెట్టింపు, వాల్వులు రెండు.

కోరిక సబబైనదే. చిక్కల్లా ఒంటి ట్యాంకును మోసే, గాలి నింపుకునే జాకెట్ గురించి ఆ వెంటనే వచ్చే ప్రశ్నతోనే: "ఇప్పుడున్న జాకెట్‌నే కాస్త మార్చుకుంటే రెండు ట్యాంకులు మోయదా?" దీనికి పడవ మీద, పరికరాలు కడిగే తొట్టి దగ్గర, చాయ్ తాగే చోట సలహాలు ఇచ్చేవాళ్లకి కొదవ ఉండదు. చెప్పేవాళ్లది మంచి ఉద్దేశమే, నాలుగు డబ్బులు మిగల్చాలనే తాపత్రయమే. కానీ ఆ సలహాల్లో చాలావరకు తప్పు. కొన్నయితే ప్రాణం మీదికి తెచ్చేంత తప్పు. ఊరికే "వద్దు" అంటే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. ఎందుకు వద్దో తెలియాలి. నేను విన్నవాటిలో ముఖ్యమైనవి తీసుకుని, ఎక్కడ బెడిసికొడతాయో చెబుతాను.

"పొడుగు పట్టీ వేస్తే చాలు"

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది ఇదే. జాకెట్ వీపు భాగంలో ట్యాంకును పట్టి ఉంచే నైలాన్ పట్టీ, దాని బక్కిల్ తీసేసి, రెండు ట్యాంకుల చుట్టూ వచ్చేంత పొడుగు పట్టీ ఎక్కించుకోమంటారు.

పట్టీ పని ఏమిటో ముందు చూడాలి. అది 18, 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఒక గుండ్రటి సిలిండర్‌ను చుట్టి పట్టుకోవడానికి చేసినది. జాకెట్ వెనకున్న ప్లాస్టిక్ పలక కూడా ఆ ఒక్క గుండ్రానికి సరిపడేలా లోపలికి వంగి ఉంటుంది. రెండు సిలిండర్లు పక్కపక్కన పెడితే వెడల్పు 40 సెంటీమీటర్ల దాకా వస్తుంది, వీపుకు ఆనే చోట గుండ్రం ఉండదు, రెండు గుండ్రాల మధ్య గాడి ఉంటుంది. ప్లాస్టిక్ పలక వంపుకి ఆ గాడికి పొసగదు. పట్టీని ఎంత బిగించినా బిగువంతా బయటి అంచుల మీదే పడుతుంది. పైగా నైలాన్ తడిస్తే సాగుతుంది. అందుకే ఒంటి ట్యాంకుకైనా పట్టీని తడిపి మరీ బిగించమని మొదటి పాఠంలోనే చెబుతారు.

12 లీటర్ల ఉక్కు ట్యాంకులు రెండు, వాల్వులు, రెగ్యులేటర్లు, గాలి, అన్నీ కలిపితే గట్టు మీద 40 కిలోలకు దగ్గర పడుతుంది. పడవ అంచు మీంచి వెనక్కి పడినప్పుడు ఆ బరువంతా ఒక్క కుదుపుతో పట్టీ మీదికి వస్తుంది. నీళ్లలో పడ్డాక పక్కకి ఒరిగితే జంట మొత్తం అటే జారి, ఒక బుట్ట కిందికి దిగిన కావడిలా మనిషిని లాగేస్తుంది. జాకెట్ ఒక దిక్కు, ట్యాంకులు ఒక దిక్కు, మధ్యలో ఊపిరి కోసం నోట్లో ఉన్న గొట్టం.

కొందరు ఇంకో మెట్టు ఎక్కి, జాకెట్ పట్టీని రెండు ట్యాంకుల్లో ఒకదానికే కట్టి, రెండోదాన్ని మొదటిదానికి కట్టమంటారు. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బరువు మొదటి క్షణం నుంచే ఒక పక్కన ఉంటుంది. నీళ్లలో నిటారుగా ఉండటానికే మీ శక్తంతా సరిపోతుంది.

"పలకకి రెండు చిల్లులు పెట్టి బోల్టు బిగించు"

ఈ సలహా ఇచ్చేవాళ్లకి విషయం సగం తెలుసు, అందుకే ఇది ఇంకా ప్రమాదం. జంట ట్యాంకులను నిజంగానే బోల్టులతో బిగిస్తారు. రెండు సిలిండర్లనూ కలిపి పట్టే ఉక్కు పట్టీలు పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. వాటి మధ్యలోంచి రెండు బోల్టులు డైవర్ వీపు వైపుకి పొడుచుకు వస్తాయి. ఆ రెండు బోల్టుల మధ్య దూరం 11 అంగుళాలు, అంటే 279 మిల్లీమీటర్లు. ఈ కొలత దాదాపు లోకమంతా ఒకటే. ఏ కంపెనీ బ్యాక్‌ప్లేటైనా (వీపుకు తగిలించుకునే లోహపు పలక) ఏ కంపెనీ పట్టీలకైనా సరిపోవడానికి ఇదే కారణం.

అది విని, "అయితే మన జాకెట్ పలకకి 11 అంగుళాల దూరంలో రెండు చిల్లులు వేసేద్దాం" అంటారు. ఆ పలక ప్లాస్టిక్. ఒక పట్టీ బిగువును నలుదిక్కులా పంచుకోవడానికి పోత పోసినది, ఒక బోల్టు తల దగ్గర బరువంతా మోయడానికి కాదు. చిల్లు అంచున వెంట్రుకంత పగులు వస్తుంది, ఉప్పునీళ్లలో, ఎండలో అది పెరుగుతుంది. ఆ పగులు మీకు కనిపించదు, ఎందుకంటే దాని మీద మెత్తటి దిండు కప్పి ఉంటుంది.

ఇంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. ఆ పలకకీ ట్యాంకులకీ మధ్య, లేదా పలక పక్కనే, గాలితిత్తి ఉంటుంది. జాకెట్ అంటేనే ఆ తిత్తి. బయట కనిపించే గట్టి బట్ట లోపల, అంచులు వేడితో అతికించిన తిత్తి. డ్రిల్లు ములుకు ఒక్క అర అంగుళం పక్కకి పోతే జాకెట్ పనికిరాదు. పోకపోయినా, నట్టు రాపిడికి కొన్నాళ్లకు తిత్తి గీసుకుపోయి లీకవుతుంది. బ్యాగులు కుట్టే షాపులో ఇచ్చి అదనపు పట్టీలు కుట్టించే వాళ్లదీ ఇదే కథ. సూది దిగిన ప్రతిచోటా తిత్తికి కన్నం పడినట్టే లెక్క. అది కాకుండా నూలు దారం అయితే ఉప్పునీళ్లకు చివికిపోతుంది.

బోల్టు కొనే చోట కూడా జాగ్రత్త కావాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే జింకు పూత బోల్టు సముద్రంలో తొందరగా తుప్పు పడుతుంది. మెరైన్ పనులకు వాడే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగాలి. ఇది సరైన ప్లేటుకి బిగించేటప్పుడు కూడా పాటించాల్సిందే.

ఇక్కడ ఒక మినహాయింపు న్యాయంగా చెప్పాలి. జాకెట్‌లా కనిపించే కొన్ని రకాలను, ముఖ్యంగా గాలితిత్తి మొత్తం వెనక భాగంలోనే ఉండేవాటిని, జంట ట్యాంకుల కోసం కంపెనీయే సిద్ధం చేసి ఇస్తుంది. జీగిల్ రేంజర్, డైవ్ రైట్ వాళ్ల ట్రాన్స్‌పాక్ అలాంటివి. వాటికి 11 అంగుళాల దూరంలో లోహపు కంటెలు ఫ్యాక్టరీలోనే వేసి ఉంటాయి. మీది అలాంటిదైతే ఆ విషయం దాని మాన్యువల్‌లో రాసే ఉంటుంది. రాసి లేకపోతే అలాంటిది కాదన్నమాట.

"లిఫ్ట్ ఎంత ఎక్కువైతే అంత మంచిది"

జాకెట్ వదిలి వింగు (బ్యాక్‌ప్లేటు వెనక బిగించే గాలితిత్తి) దాకా వచ్చినవాళ్లకి కూడా ఈ సలహా తగులుకుంటుంది. జంట ట్యాంకులు బరువు కాబట్టి 45 కిలోలు మోసే వింగు కొనమంటారు, లేదా ఉన్న జాకెట్‌కి తోడు ఇంకో తిత్తి కట్టమంటారు. దీన్ని మాటలతో కాక లెక్కతో తేల్చాలి. లెక్క తేలికే, కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు.

తిత్తి చేయాల్సిన పనులు రెండు. ఒకటి: మీరు లేకుండా పరికరాల మొత్తాన్ని నీటి మీద తేల్చాలి. పడవ పక్కన విప్పి వదిలితే మునిగిపోకూడదు. రెండు: డైవ్ మొదట్లో, ట్యాంకులు నిండుగా ఉండి, లోతులో సూటు నలిగిపోయినప్పుడు మిమ్మల్ని నిలబెట్టాలి.

మొదటిది చూద్దాం. నిండుగా ఉన్న అల్యూమినియం ట్యాంకు ఒక్కొక్కటి సముద్రపు నీళ్లలో ముప్పావు కిలో లోపే బరువు తూగుతుంది. రెండూ కలిపి కిలోన్నర అనుకోండి. వాల్వులు, వాటిని కలిపే మానిఫోల్డ్, ఉక్కు పట్టీలు, రెగ్యులేటర్లు కలిపి నీళ్లలో నాలుగైదు కిలోలు. స్టీలు బ్యాక్‌ప్లేటు గట్టు మీద 2.7 కిలోలు, నీళ్లలో కాస్త తక్కువ. మొత్తం ఎనిమిది, తొమ్మిది కిలోలు. 12 లీటర్ల ఉక్కు ట్యాంకులైతే ఉరమరగా పదమూడు కిలోలు.

రెండోది. ఒక లీటరు గాలి దాదాపు 1.2 గ్రాములు తూగుతుంది. నమ్మబుద్ధి కాదు కానీ, రెండు అల్యూమినియం ట్యాంకుల్లో గాలి బరువే 5 కిలోల పైన, ఉక్కు జంటలో 6 కిలోల పైన. డైవ్ చివర్లో తేలిపోకుండా ఉండేలా సీసం పెట్టుకున్నారంటే, మొదట్లో అంత బరువు ఎక్కువగా ఉన్నారన్నమాట. దానికి సూటు కోల్పోయే తేలికను కలపాలి. అండమాన్‌లో వేసుకునే 3 మిల్లీమీటర్ల సూటు కోల్పోయేది కొంచెమే. చన్నీళ్ల కోసం వేసే 7 మిల్లీమీటర్ల సూటు 30 మీటర్ల దగ్గర అయిదారు కిలోలు కోల్పోతుంది.

అన్నీ కలిపినా వెచ్చటి నీళ్లలో అల్యూమినియం జంటకు పదికిలోలకు అటూ ఇటూ వస్తుంది, ఉక్కు జంటకు పదమూడు, పద్నాలుగు. కొంత మిగులు చూసుకుని 18 కిలోల వింగు తీసుకుంటే చాలామందికి సరిపోతుంది. 45 కిలోలు దేనికి? పెద్ద తిత్తి సగమే నిండి ముడతలు పడుతుంది. ఆ ముడతల్లో గాలి చిక్కుకుంటుంది. మీరు వదలాలనుకున్నప్పుడు బయటికి రాదు. పైకి వచ్చేకొద్దీ అదే గాలి ఉబ్బుతుంది: 30 మీటర్ల దగ్గర ఒక లీటరు, 10 మీటర్ల దగ్గర రెండు లీటర్లు. వదలలేని గాలి ఉబ్బుతూ ఉంటే మీరు ఆగాల్సిన చోట ఆగలేరు. అక్కడి నుంచి కథ నేరుగా కీళ్ల నొప్పులకి, పక్షవాతానికి, రీకంప్రెషన్ చాంబర్‌కి పోతుంది. చాంబర్ మీరు దిగిన రేవులో ఉండదు.

లెక్క వేసినవాళ్లకి ఇక్కడ ఒక అనుమానం రావాలి. మామూలు జాకెట్‌కి కూడా పదిహేను కిలోల లిఫ్ట్ ఉంటుంది కదా, అది చాలదా? అంకె చాలుతుంది. గాలి ఉండే చోటు చాలదు. జాకెట్ గాలి మీ నడుము చుట్టూ, పక్కటెముకల పక్కన ఉంటుంది. బోర్లా ఈదేటప్పుడు జంట ట్యాంకుల బరువంతా మీ వీపు మీద, ఆ గాలికంటే ఎత్తున ఉంటుంది. బరువు పైన, తేలిక కింద ఉన్న వస్తువు తలకిందులవడానికే చూస్తుంది. వింగులో గాలి ట్యాంకులకు రెండు పక్కలా, వాటి ఎత్తులోనే నిలుస్తుంది. అందుకే బోర్లా స్థిరంగా ఉండగలుగుతారు. సలహా ఇచ్చేవాళ్లు కిలోల సంఖ్య చూసి ఊరుకుంటారు. నీళ్లలో మనిషి తీరును తేల్చేది ఈ రెండో సంగతే.

ఒంటి ట్యాంకు వింగును జంటకి వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. దాని మధ్య భాగం సన్నం. రెండు ట్యాంకుల వెడల్పు కింద తిత్తి నలిగిపోయి నిండదు, ఖాళీ కాదు. తిరగేసి జంట వింగును ఒంటి ట్యాంకుకి కడితే రెండు అంచులూ ట్యాంకు చుట్టూ పైకి ముడుచుకుంటాయి. రెండూ ఒకే గూటి పొరపాట్లు.

రెండు తిత్తుల వింగు గురించి ఒక్క మాట. ఒకటి చిరిగితే రెండోది ఉంటుందన్నది నిజమే. కానీ రెండో ఇన్‌ఫ్లేటర్‌ను (తిత్తిలోకి గాలి నింపే మీట) కూడా గొట్టానికి తగిలించి వదిలేస్తే, అది మెల్లగా కారి మీకు తెలియకుండానే రెండో తిత్తి నిండుతుంది. మీరు మొదటిదాన్ని ఖాళీ చేస్తూనే ఉంటారు, పైకి పోతూనే ఉంటారు. రెండోదాని గొట్టం విప్పి పక్కన పెట్టుకోవాలి, అవసరమైతే నోటితో ఊదాలి.

"ట్యాంకులే బరువు, సీసం తీసేయ్"

వినడానికి ఎంత సబబుగా ఉందో అంత మోసపుచ్చే మాట. ఖాళీ అయిన అల్యూమినియం ట్యాంకు సముద్రంలో దాదాపు 2 కిలోలు పైకి తేలుతుంది. జంట అయితే 4 కిలోలు. మొదట్లో రాయిలా దిగిన మనిషి, చివర్లో 5 మీటర్ల దగ్గర ఆగి నత్రజని వదిలించుకోవాల్సిన సమయానికి, బెండులా పైకి పోతాడు. అప్పుడు పట్టుకోవడానికి తాడు ఉంటే సరే, లేకపోతే?

బరువు చూసుకునే పద్ధతి ఒకటే. ట్యాంకుల్లో 40, 50 బార్లు మిగిలినప్పుడు, వింగులో గాలి మొత్తం వదిలేసి, 3 మీటర్ల దగ్గర కదలకుండా నిలబడగలరా? నిలబడితే బరువు సరి. నిండు ట్యాంకులతో చేసిన పరీక్షకు విలువ లేదు. సీసం కావాల్సి వస్తే నడుముకి కట్టే బదులు రెండు ట్యాంకుల మధ్య గాడిలో పెట్టే పొడుగు బరువు మేలు. తల వాలుతోందా, కాళ్లు వాలుతున్నాయా అన్నదాన్ని బట్టి దాన్ని పైకీ కిందికీ జరుపుకోవచ్చు.

ఉక్కు జంటతో సమస్య దీనికి తలకిందులు. ఉక్కు ట్యాంకులు వేసుకుని, మందపాటి వెట్‌సూటుతో దిగి, అడుగున వింగు చిరిగిందనుకోండి. గాలి బరువు ఆరు కిలోలు, సూటు కోల్పోయింది అయిదారు కిలోలు. పదకొండు, పన్నెండు కిలోలను ఒక్క ఫిన్ల బలంతో పైకి ఈదడం మామూలు మనిషి వల్ల కాదు. విప్పి పారేయడానికి సీసం కూడా ఉండదు, ఎందుకంటే బరువంతా ట్యాంకులే. అందుకే వెట్‌సూటుతో దిగేవాళ్లు అల్యూమినియం జంటకు కట్టుబడాలని, ఉక్కు జంటను గాలి నింపుకోగల డ్రైసూటుతోనే వాడాలని టెక్నికల్ డైవింగ్ నేర్పేవాళ్లు పట్టుబడతారు. ఈ పట్టుదల నూటికి నూరుపాళ్లు సరైనదని నా అభిప్రాయం. మన వెచ్చటి నీళ్లలో డ్రైసూటు ఎవరూ వేసుకోరు కాబట్టి, మనకి ఉక్కు జంట ఊసే అక్కర్లేదు.

"కూస్తో వేసుకోలేదా?"

పాత ఫొటోల్లో సముద్ర పరిశోధకుడు కూస్తో బృందం రెండేసి, మూడేసి ట్యాంకులు పట్టీలతో వీపుకి కట్టుకుని, ఏ జాకెట్టూ లేకుండా దిగేవాళ్లు కదా అంటారు. నిజమే. వాళ్లు వాడిన శ్వాస పరికరం ఆక్వాలంగ్ 1943 నాటిది. గాలి నింపుకునే మెడచొక్కా ఫెంజీ 1961లో వచ్చింది, చేతులు దూర్చే జాకెట్‌ను స్కూబాప్రో 1971లో తెచ్చింది. అంతకుముందు వాళ్లు ఊపిరితిత్తులతో, కాళ్లతో నెట్టుకొచ్చారు. వాళ్లకి వేరే దారి లేదు, మనకి ఉంది.

పైగా జంట ట్యాంకులకు ఇప్పుడు వాడే అమరిక ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ వాదన ఇంకా వీగిపోతుంది. ఉత్తర ఫ్లోరిడాలో నేల కింద సున్నపురాతి గుహల నిండా తేట నీళ్లు. జిన్నీ స్ప్రింగ్స్ లాంటి ఊటల నుంచి వందల మీటర్లు లోపలికి ఈదుకుంటూ పోయేవాళ్లకి ఉన్నదానితో సర్దుకుపోవడం కుదరలేదు. తల మీద కప్పు ఉంటుంది, నేరుగా పైకి రాలేరు. కాళ్లు వాలితే అడుగున బురద లేచి దారి కనిపించదు. గ్రెగ్ ఫ్లానగన్ 1979లో ఆ గుహ డైవర్ల కోసం గట్టి బ్యాక్‌ప్లేటును రూపొందించాడు, విలియం హోగార్త్ మెయిన్ దానికి మెరుగులు దిద్దాడు. ఆ రోజుల్లోనే గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ గుహల్లో జరిగిన ప్రమాదాలను విడమరిచి ఒక చిన్న పుస్తకం రాశాడు. గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ఆపదకు అన్న నియమం ఆ గుహ డైవర్ల నుంచే అందరికీ అందింది. ప్లేటు, వింగు, ఒకే ముక్క నైలాన్ పట్టీ, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ: ఇవన్నీ చావులను చూసి నేర్చుకున్నవి. టాంపాలోనో ఓర్లాండోలోనో ఉంటూ వారాంతాల్లో ఆ ఊటలకి పోయే మన తెలుగువాళ్లకి గుహ ముఖద్వారాల దగ్గర మృత్యుదేవత బొమ్మతో ఉన్న హెచ్చరిక బోర్డు తెలిసే ఉంటుంది. జంట ట్యాంకులు కొనుక్కున్నంత మాత్రాన ఆ బోర్డు దాటే అర్హత రాదు.

"ఎక్కడి ట్యాంకులైనా కలిపెయ్"

దీన్ని క్లుప్తంగా చెప్పినా గట్టిగా చెప్పాలి. యూరప్ సిలిండర్ల మెడ మర ఎం25, అమెరికా సిలిండర్లది ముప్పావు అంగుళం మర. కొలతల్లో తేడా తక్కువ, కాబట్టి ఒకదాని వాల్వు ఇంకోదానిలో వదులుగా ఎక్కి, పట్టినట్టే అనిపిస్తుంది. 200 బార్లు నింపుతుంటే ఊడి తూటాలా లేస్తుంది. సెకండ్‌హ్యాండ్ సిలిండర్లకు మానిఫోల్డ్ బిగించే ముందు మెడ మీద చెక్కిన గుర్తు చదవండి. చదవడం రాకపోతే తెలిసినవాళ్ల చేత చదివించండి.

మానిఫోల్డ్ మధ్యలో ఉండి రెండు ట్యాంకులను విడదీసే ఐసొలేటర్ వాల్వు మూసి ఉండగా గాలి నింపితే ఒక్క ట్యాంకే నిండుతుంది. గేజు నిండిన ట్యాంకుదే అయితే రెండూ నిండాయనే మీరు అనుకుంటారు. నింపే ముందు, నింపాక, నీళ్లలోకి దిగే ముందు, మూడుసార్లూ దాన్ని చేత్తో తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి.

మరి ఏం చేయాలి

వింగు బిగించడం చూస్తే జాకెట్ ఎందుకు పనికిరాదో ఇంకా బాగా అర్థమవుతుంది. జంటను నిటారుగా నిలబెడతారు. పట్టీల బోల్టుల మీదికి ముందు వింగు కంటెలు ఎక్కుతాయి, దాని మీద ఉక్కు ప్లేటు, తర్వాత వాషర్, ఆపైన చేత్తో బిగించే నట్టు. బోల్టు మర నట్టు దాటి బయటికి కనిపించాలి. తిత్తి ట్యాంకులకీ ప్లేటుకీ మధ్య నొక్కుకుని కూర్చుంటుంది. ట్యాంకులు, ప్లేటు, పట్టీలు ఒక్క ముక్కలా అయిపోతాయి. పైపట్టీని పట్టుకుని ఊపితే ఏదీ విడిగా కదలకూడదు. తర్వాత వీపుకు తగిలించుకుని చేతులు వెనక్కి పెట్టి చూసుకోవాలి. కుడి వాల్వు, మధ్య ఐసొలేటర్, ఎడమ వాల్వు, మూడూ వేళ్లకి అందాలి. అందకపోతే ఎత్తు మార్చాలి. ఒక రెగ్యులేటర్ బుసలు కొడుతూ గాలి కక్కడం మొదలుపెడితే దాని వాల్వును మీరే మూయగలిగినప్పుడే రెండు ట్యాంకులకు అర్థం. దళసరి భుజాలున్న జాకెట్, ట్యాంకు కిందికి కూర్చునే జాకెట్, ఈ ఒక్క పరీక్షలోనే తప్పుతుంది.

గొట్టాల అమరికలో నేను పాటించేది, నేర్పేవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకునేది ఇది: కుడి వాల్వుకి తోటి డైవర్‌కి ఇవ్వగల పొడుగు గొట్టం, వింగు ఇన్‌ఫ్లేటర్. ఎడమ వాల్వుకి మెడలో వేలాడే రెండో రెగ్యులేటర్, గేజు. ముందుకు ఈదేటప్పుడు కప్పుకి రాసుకుంటే ఎడమ వాల్వు మూసుకునే వైపుకి తిరుగుతుంది కాబట్టి వింగుకి గాలి కుడి వైపు నుంచే రావాలి.

బ్యాక్‌ప్లేటు, వింగు ఖరీదు ఎక్కువని వెనకాడేవాళ్లకి ఒక మాట. ప్లేటు ఒకసారి కొంటే చెడేది కాదు. రేపు ఒంటి ట్యాంకుతో దిగాలన్నా అదే ప్లేటు, చిన్న వింగు, ఒక అడాప్టర్ చాలు. జాకెట్‌ను చిల్లులు పొడిచి పాడు చేస్తే అది జంటకీ పనికిరాదు, ఒంటికీ పనికిరాదు, అమ్మినా కొనేవాళ్లుండరు.

అసలు మీకు జంట ట్యాంకులే కావాలా అని కూడా ఆలోచించండి. కావలసింది ఆపదకు కాసింత గాలి అయితే, ఉన్న ట్యాంకు పక్కన సొంత రెగ్యులేటర్‌తో కట్టే 3 లీటర్ల చిన్న సిలిండర్ ఆ పని చేస్తుంది, దానికి మీ జాకెట్ చాలు. ట్యాంకులు మోయలేక నడుము పట్టేస్తుందనుకుంటే సైడ్‌మౌంట్ ఉంది: ఒక్కో ట్యాంకు ఒక్కో పక్క, చంకల కింద. ఇంగ్లండ్‌లో మెండిప్ కొండల ఇరుకు గుహల్లో మొదలైన పద్ధతి అది. ట్యాంకులను నీళ్లలోకి దిగాక తగిలించుకోవచ్చు, వాల్వులు కళ్లెదుటే ఉంటాయి. చిన్న పడవల మీద నుంచి దిగే మన తీరాలకి నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది.

ఏది ఎంచుకున్నా, మొదట ఈతకొలనులో, ఈ పరికరాలు నేర్పే అర్హత ఉన్న శిక్షకుడి పక్కన మొదలుపెట్టండి. ఆ డబ్బు ఇప్పుడు చేతిలో లేకపోతే తొందరేమీ లేదు. ఒంటి ట్యాంకుతో 18 మీటర్ల లోపల ఈదండి; పగడాలు, చేపలు ఎక్కువగా ఉండేది ఆ వెలుతురులోనే. డబ్బు కూడాక ప్లేటు కొనుక్కోండి. జాకెట్ మీద మాత్రం డ్రిల్లు పెట్టకండి, ఇంకెవరైనా పెడుతుంటే ఆపండి.